నరాలు తేలిన కాళ్లతో ఎంత నడవాలి, ఎప్పుడు ఆగాలి?

పాఠకుల ప్రశ్నలకు ఫిజియోథెరపిస్టు సమాధానాలు

కాలి మీద నీలంగా, మెలికలు తిరిగి తేలే వెరికోస్ వెయిన్స్ గురించి కొంతకాలంగా ఈ శీర్షికకు వరుసగా ఉత్తరాలు వస్తున్నాయి. రాసినవారి వయసులు, ఉద్యోగాలు వేరైనా అన్నిటిలోనూ ఒకటే భయం కనిపిస్తోంది: కాలిని కదిలిస్తే ఉన్న జబ్బు ఇంకా ముదురుతుందేమోనని. చెన్నైలో నా దగ్గరికి వచ్చే మనవాళ్లలో కూడా జబ్బు పెట్టే బాధ కంటే ఈ భయంతో ఇంట్లో కూర్చుండిపోయి కొనితెచ్చుకున్న బాధే ఎక్కువగా చూస్తున్నాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. రక్తాన్ని మోసే సిరనూ, స్పర్శనూ నొప్పినీ మోసే నాడినీ మనం వాడుకలో 'నరం' అనే అంటాము. ఈ ఒక్క మాట వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. కాళ్లలో 'నరాల బలహీనత' ఉందనుకుని, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న విటమిన్ బిళ్లలను ఏళ్ల తరబడి మింగినవారిని నేను ఎరుగుదును. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది గుండెకు రక్తాన్ని తిరిగి చేర్చే సిరల గురించి. ఆ బిళ్లలకూ వీటికీ సంబంధం లేదు.

ప్రశ్న: నా వయసు 54. మైలాపూర్‌లో ఉంటాము. పదేళ్లుగా ఎడమ పిక్క మీద నరాలు తేలి ఉన్నాయి. సాయంత్రానికి చీలమండ దగ్గర వాపు వస్తుంది, కాలు బరువెక్కి లాగుతుంది. రక్తం ఎటు పారుతోందో చూపే డాప్లర్ స్కాన్ తీసిన సర్జన్ గారు సిరల్లో కవాటాలు లీకవుతున్నాయని చెప్పి, కాలిని బిగించి పట్టే ఒత్తిడి మేజోళ్లు వేసుకుని రోజూ నడవమన్నారు. మా అత్తగారు మాత్రం 'అంత ఉబ్బిన నరంతో నడిస్తే పగిలిపోతుంది' అంటున్నారు. ఆ భయంతో నడక మానేసి ఏడాది అయింది. నేను నడవవచ్చా? ఎంతసేపు?

జవాబు: నడవాలమ్మా. మీ సర్జన్ గారు చెప్పినదే సరైన మాట.

గుండె నుంచి పాదం దాకా రక్తం దిగడానికి గుండె కొట్టుకునే బలం తోడుంటుంది. అదే రక్తం తిరిగి పైకి ఎక్కవలసి వచ్చేసరికి ఆ బలంలో మిగిలేది చాలా తక్కువ. మిగతా పని పిక్క కండరం చేస్తుంది. అడుగు వేసిన ప్రతిసారీ పిక్క బిగుసుకుని తన మధ్యనున్న లోతు సిరలను పిండుతుంది, రక్తం పైకి వెళుతుంది, పిక్క వదులైనప్పుడు అది మళ్లీ కిందికి జారిపోకుండా సిరల లోపలి కవాటాలు మూసుకుంటాయి. కదలకుండా నిలబడిన మనిషి చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి, బీపీ కొలిచే లెక్కలోనే చెప్పాలంటే, సుమారు 90 మిల్లీమీటర్లు ఉంటుంది. నడక మొదలుపెట్టిన కొద్ది అడుగుల్లోనే ఆరోగ్యవంతుల్లో అది 30 దరిదాపులకు పడిపోతుంది. కవాటాలు చెడినవారిలో అంతగా తగ్గదు, నడక ఆపిన కొన్ని క్షణాలకే మళ్లీ పెరుగుతుంది. అయినా ఎంతో కొంత తగ్గేది మాత్రం పిక్క పనిచేసినప్పుడే. ఏడాదిగా మీరు నడక మానేశారంటే, కవాటాలు లీకవుతున్న కాలికి ఉన్న ఒక్క పంపును కూడా ఆపేశారన్నమాట.

మీ అత్తగారి భయాన్ని నేను తీసిపారేయను. ఉబ్బిన సిర ఒక్కోసారి పగిలి రక్తం కారే మాట నిజమే. అది చర్మం బాగా పలచబడిన చోట, దెబ్బ తగిలినప్పుడో, గోకినప్పుడో, వేడినీళ్ల స్నానంలోనో జరుగుతుంది తప్ప నడక వల్ల జరగదు. దాని గురించి చివరి ప్రశ్నలో వివరంగా రాశాను, ఆమెకు కూడా చదివి వినిపించండి.

అయితే నడక వల్ల జరగనిదేమిటో కూడా తెలిసి ఉండాలి. చెడిన కవాటం నడకతో బాగుపడదు, తేలిన సిర మాయమైపోదు. సిరల జబ్బు ఉన్నవారికి ఆరు నెలల పాటు పిక్క వ్యాయామాలు క్రమపద్ధతిలో చేయించి చూసిన అధ్యయనం ఒకటి 2004లో అమెరికాలో వచ్చింది. అందులో పిక్క పంపు శక్తి స్పష్టంగా మెరుగైంది, లీకు మాత్రం అలాగే ఉంది. సాయంత్రపు బరువు, వాపు, లాగుడు తగ్గుతాయన్న ఆశతో నడవండి. అది న్యాయమైన ఆశ.

ఏడాది మానేశారు కాబట్టి మొదటి వారం పూటకు 10 నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడు సార్లు చాలు. కాలు అలవాటు పడిన కొద్దీ వారానికి ఐదేసి నిమిషాలు పెంచుతూ, వారంలో ఐదు రోజులు అరగంట చొప్పున నడిచే దాకా రండి. ఎంత దూరమన్నది కాదు, ఎలా నడుస్తున్నామన్నది ముఖ్యం. చెప్పులు ఈడుస్తూ, పాదాన్ని పలకలా మోపుతూ నడిచేవారిలో చీలమండ వంగదు. చీలమండ వంగకపోతే పిక్క బిగుసుకోదు, పంపు సగం బలంతోనే పనిచేస్తుంది. మడమ ముందు ఆనాలి, పాదం దొర్లాలి, మునివేళ్లతో నేలను వెనక్కి నెట్టాలి. ఇందుకు వెనక పట్టీ ఉన్న చెప్పులో, బూట్లో కావాలి. వేళ్లతో పట్టుకుని నడవవలసిన హవాయి చెప్పులు పనికిరావు.

మీకు దగ్గరలోనే లజ్‌లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీదున్న పార్కు ఉంది. చదునైన బాట, చెట్ల నీడ, అలసిపోతే కూర్చోవడానికి బల్లలు ఉన్న అలాంటి చోటు మొదలుపెట్టడానికి చాలా మంచిది. వేడికి సిరలు వ్యాకోచిస్తాయి కాబట్టి మన రోహిణి కార్తె, ఇక్కడివారి అగ్ని నక్షత్రం రోజుల్లో ఎండ ముదరక ముందే నడక ముగించుకోండి. ముగిశాక గేటు దగ్గర అరగంట నిలబడి కబుర్లు చెప్పుకునే అలవాటు మాత్రం దయచేసి వద్దు. మాటలు బల్ల మీద కూర్చుని చెప్పుకోండి, లేదా ఇంటికి నడుస్తూ చెప్పుకోండి. నిలబడిన ఆ అరగంటలో కాలు మళ్లీ మొదటికి వస్తుంది.

మేజోళ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది వాటిని నడకకు అరగంట ముందు వేసుకుని రాగానే తీసేస్తారు. పొద్దున మంచం దిగకముందే, వాపు రాకముందే వేసుకోవాలి, రాత్రి పడుకునేటప్పుడు తీయాలి. మడమ దాకా లోపలి వైపును బయటికి తిప్పి, పాదాన్ని దూర్చి, మడమ సరిగ్గా మడమ గూట్లో కుదిరాక కొద్దికొద్దిగా పైకి పాకించండి. చెన్నై ఉక్కపోతకు కాలు తడిగా ఉంటే అంగుళం కూడా కదలదు. తువ్వాలుతో తుడిచి, కాస్త పౌడరు రాసి, గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు తొడుక్కుని లాగితే సులభంగా ఎక్కుతుంది. పైన మిగిలిన గుడ్డను మడతపెట్టి వదిలేయకండి, ఆ మడత తాడులా బిగుసుకుని రక్తాన్ని ఆపుతుంది. బాగా వాడితే ఆరు నెలలకు సాగిపోతాయి, కొత్తవి కొనుక్కోవాలి.

ఇంకొక చిన్న పని. కుట్టుపని టేపు ఒకటి తీసుకుని, చీలమండ ఎముకకు నాలుగు వేళ్ల పైన చుట్టుకొలత పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిచి క్యాలెండరు మీద రాసుకోండి. నెల తిరిగేసరికి ఆ రెండు అంకెల మధ్య తేడా తగ్గుతోందో లేదో మీకే తెలుస్తుంది. ఆ టేపుతో ఇంకో పని కూడా ఉంది, కింద చెబుతాను.

ప్రశ్న: నెల్లూరు జిల్లా నుంచి వచ్చి టి.నగర్‌లో చీరల దుకాణంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. వయసు 31. పొద్దున పది నుంచి రాత్రి పదింటిదాకా నిలబడే ఉంటాను. రెండు కాళ్లలోనూ నరాలు లేచాయి. రోజంతా కాళ్ల మీదే ఉండేవాడికి మళ్లీ వ్యాయామం ఎందుకు, ఉన్న వ్యాయామం చాలదా అనిపిస్తుంది. నిజానికి వ్యాయామానికి సమయం కూడా లేదు.

జవాబు: మీరు చేస్తున్నది కష్టమే గానీ వ్యాయామం కాదు. నిలబడినప్పుడు పిక్క కదలదు, పంపు ఆగిపోతుంది, పైన చెప్పిన ఆ 90 మిల్లీమీటర్ల ఒత్తిడి గంటల తరబడి చీలమండ మీద ఉండిపోతుంది. పండగ రోజుల్లో రంగనాథన్ స్ట్రీట్ తొక్కిసలాటలో అటూ ఇటూ పరుగెత్తే సామాను కుర్రాడి కంటే, కౌంటరు వెనక ఒకే చోట నిలబడి చీరలు విప్పి చూపించే మీ కాళ్లకే ఎక్కువ హాని జరుగుతోంది.

మీకు ముందుగా తెలియవలసినది వైద్యం కాదు, చట్టం. తమిళనాడు దుకాణాలు, సంస్థల చట్టాన్ని 2021లో సవరించి, పనిచేసేవారు వీలైనప్పుడు కూర్చోవడానికి తగిన ఆసనాలు ఏర్పాటు చేయాలని యజమానులకు విధించారు. కేరళ అంతకు మూడేళ్ల ముందే, 2018లో, ఈ పని చేసింది. కౌంటరు దగ్గర స్టూలు అడగడం దయ కోరడం కాదు, అది మీ హక్కు. నలుగురు కలిసి అడిగితే ఇబ్బంది తక్కువ. కొనేవారు లేని వేళ కూర్చోండి, కూర్చున్నప్పుడు కాలు మీద కాలు వేసుకోకండి.

సమయం లేదన్నారు కాబట్టి సమయం అడగని వ్యాయామమే చెబుతాను. కౌంటరు అంచును చేత్తో ఆనుకుని రెండు మడమలూ నెమ్మదిగా ఎత్తి, మునివేళ్ల మీద లేచి, రెండు లెక్కపెట్టేంతసేపు ఆగి, నెమ్మదిగా దించండి. పదిసార్లు. చీర మడతపెడుతూ కూడా చేయవచ్చు, ఎదుటివారికి తెలియను కూడా తెలియదు. గంటకు ఒకసారి ఇలా చేస్తే రోజంతా కలిపి నూటికి పైగా అవుతాయి. మధ్యలో బరువును ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చండి, మడమ నేలకు ఆనించి మునివేళ్లను పైకి లేపండి. పై అంతస్తు నుంచి సరుకు తెమ్మంటే లిఫ్టు కోసం చూడకుండా మెట్లెక్కండి. రాత్రి గదికి చేరాక గోడకు పిర్రలు ఆనించి పడుకుని, కాళ్లు గోడ మీదికి చాపి ఒక పావుగంట ఉండండి. ఆ పావుగంటలో చీలమండలను ముందుకూ వెనక్కూ ఆడించండి. యోగా తెలిసినవారు దీన్ని విపరీతకరణి అంటారు. వజ్రాసనంలో ఎక్కువసేపు కూర్చోవడం మాత్రం మీకు వద్దు, మోకాలి వెనక సిర నలుగుతుంది.

మీకు 31 ఏళ్లే, రెండు కాళ్లలోనూ మొదలైంది. ఈ వ్యాయామాలు చేస్తూనే ఒకసారి డాప్లర్ స్కాన్ కూడా చేయించుకోండి. ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో సర్జరీ విభాగంలో చూపించుకోవచ్చు.

ప్రశ్న: ఓఎంఆర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వయసు 36. కుడి కాలి సిరకు లేజర్ చికిత్స చేయించుకుని ఐదు వారాలైంది. జిమ్‌లో స్క్వాట్లు, డెడ్‌లిఫ్టులు మళ్లీ మొదలుపెట్టవచ్చా? బరువులెత్తడం వల్లే ఈ జబ్బు వచ్చిందని ట్రైనర్ అంటున్నాడు.

జవాబు: బరువులెత్తడమే కారణమని తేల్చి చెప్పలేము. ఈ జబ్బుకు వంశపారంపర్యం, వయసు, అధిక బరువు, గర్భధారణలు, గంటల తరబడి కదలకుండా నిలబడే లేదా కూర్చునే పని ప్రధాన కారణాలు. మీ ఇంట్లో అమ్మకో నాన్నకో ఉందేమో చూడండి.

అయినా ట్రైనర్ మాటలో గ్రహించవలసినది ఒకటుంది. ఊపిరి బిగబట్టి పెద్ద బరువు ఎత్తినప్పుడు పొత్తికడుపులో ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ క్షణంలో కాళ్ల నుంచి పైకి వెళ్లవలసిన రక్తం గజ్జల దగ్గర ఆగిపోతుంది. కాబట్టి బరువు పైకి వెళ్లేటప్పుడు ఊపిరి వదలడం మీకు నియమం కావాలి. ఊపిరి బిగబట్టనిదే ఎత్తలేని బరువు ఇప్పటికి మీది కాదనుకోండి. తక్కువ బరువుతో పన్నెండు, పదిహేను సార్లు చేయగలిగే స్థాయిలో మొదలుపెట్టి, సెట్టుకూ సెట్టుకూ మధ్య ఫోను చూస్తూ నిలబడకుండా అటూ ఇటూ నడవండి. నడుముకు బిగించే బెల్టు అవసరం లేని బరువులే ఎత్తండి. చికిత్స తర్వాత మామూలు నడక అదే రోజు మొదలవుతుంది. బరువులకు మాత్రం సాధారణంగా ఒకటి రెండు వారాలు ఆగమంటారు. మీకు ఐదు వారాలు నిండాయి గనుక, చికిత్స తర్వాతి స్కాన్‌లో అంతా సవ్యంగా ఉందని మీ సర్జన్ చెప్పి ఉంటే మొదలుపెట్టవచ్చు. సైకిల్ యంత్రం మీద ఇరవై నిమిషాలు తొక్కడం మాత్రం మానకండి, పిక్కకు అంతకంటే సులువైన పని జిమ్‌లో ఇంకొకటి లేదు.

ప్రశ్న: పెరంబూర్ నుంచి రాస్తున్నాను. వయసు 63, రైల్వేలో పనిచేసి విరమించాను. కుడి చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడి, రెండేళ్ల క్రితం పుండు పడి, ఎనిమిది నెలలకు మానింది. మధుమేహం కూడా ఉంది. మనవరాలి పుట్టువెంట్రుకల మొక్కుకు తిరుమల వెళుతున్నాము. అలిపిరి నుంచి మెట్ల దారిన నడిచి ఎక్కాలని నా కోరిక. ఇంట్లో అందరూ వద్దంటున్నారు. మీరు ఏమంటారు?

జవాబు: ఆ కోరిక ఎంత బలమైనదో నాకు తెలుసు, అందుకే వద్దని ఒక్క మాటతో కొట్టిపారేయకుండా మీ కాలి పరిస్థితిని దగ్గరగా చూద్దాము.

చీలమండ లోపలి వైపు చర్మం నల్లబడటం అంటే, ఏళ్ల తరబడి ఒత్తిడికి ఎర్ర రక్తకణాలు సిర నుంచి బయటికి ఊరి, వాటిలోని ఇనుము చర్మంలో మిగిలిపోవడం. ఆ చర్మం గట్టిపడి పెళుసుగా ఉంటుంది, చిన్న గీరుకు కూడా చిట్లుతుంది, మానిన పుండు తిరిగి పడేది కూడా సాధారణంగా అక్కడే. మెట్లెక్కడం వల్ల పుండు పడదు; ఎక్కేటప్పుడు పిక్క చాలా బాగా పనిచేస్తుంది. నాకు భయమున్నవి వేరే మూడు.

మొదటిది మీ ధమనులు. మధుమేహం ఉన్నవారిలో కాలికి రక్తం తెచ్చే ధమనులు కూడా పూడి ఉండవచ్చు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో పోల్చి చూసే ఏబీఐ పరీక్ష ఒకటుంది. ఆ నిష్పత్తి 0.9 కంటే తక్కువైతే ధమనుల్లో అడ్డంకి ఉందని అర్థం. బాగా తక్కువగా ఉన్న కాలికి గట్టి మేజోళ్లు వేస్తే రక్తం అందక చర్మం చచ్చిపోయే ప్రమాదం ఉంది. మధుమేహంలో ధమనుల గోడలు గట్టిపడి ఈ అంకె ఒక్కోసారి ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి, అంకె బాగుందని మనమే తేల్చుకోకుండా సర్జన్ చేత చూపించుకోవాలి. ఇది తిరుమలకు వెళ్లినా వెళ్లకపోయినా చేయించుకోవలసిన పరీక్ష.

రెండోది పాదం. అలిపిరి దారి దాదాపు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. చాలామంది చెప్పులు లేకుండా ఎక్కుతారు. మీ అరికాళ్లలో స్పర్శ ఏ కొంచెం తగ్గి ఉన్నా, కాలిన రాయి మీద బొబ్బ లేచిన సంగతి మీకు తెలియదు, గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. చెప్పులు లేకుండా ఎక్కే మొక్కును దయచేసి వదులుకోండి. వట్టి మేజోళ్లతో ఎక్కడం కూడా వద్దు, నున్నటి రాతి మీద అవి జారతాయి.

మూడోది, అందరూ మరిచిపోయేది, కొండెక్కాక జరిగే సంగతి. నా దగ్గరికి తిరుమల నుంచి వచ్చి కాలు వాచిందని చూపించుకున్నవారిని అడిగితే, మెట్ల మీద బాగానే ఉన్నామని, వాపంతా క్యూలోనే వచ్చిందని చెప్పారు. నాలుగైదు గంటలు మెట్లెక్కి వేడెక్కిన సిరలతో, ఆ తర్వాత గంటల తరబడి కంపార్ట్‌మెంటులో కాళ్లు వేలాడేసి కూర్చోవడం, క్యూలో అంగుళం అంగుళం కదలడం మీ కాలికి మెట్ల కంటే కష్టం.

కాబట్టి నేను ఇచ్చే సలహా ఇది. ముందు సర్జన్‌ను కలవండి. ధమనులు బాగున్నాయని తేలితే రెండు నెలల వ్యవధి పెట్టుకుని, ఇంటి దగ్గర చదును నేల మీద 45 నిమిషాలు సునాయాసంగా నడవగలిగాక, మీ అపార్ట్‌మెంటు మెట్లు మూడు అంతస్తులు ఆగకుండా ఎక్కగలిగాక, గుండె వైద్యుడు కూడా సరేనన్నాక, అలిపిరి నుంచి గాలిగోపురం దాకా ఎక్కి చూడాలా లేక శ్రీవారి మెట్టు దారిన వెళ్లాలా అని ఆలోచించుకోండి. ఈ రెండో దారి దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకే, 2,388 మెట్లు. అయితే తక్కువ దూరంలో ఎక్కువ ఎత్తు కాబట్టి గుండెకు, మోకాళ్లకు శ్రమ హెచ్చు. పొద్దున్నే, ఎండ ముదరకముందే బయలుదేరండి. సామాను అలిపిరిలోనే అప్పగిస్తే పైకి చేరుస్తారు, భుజాన మోయకండి. అరగంటకొకసారి కూర్చుని కాలు పక్కనున్న అరుగు మీదికి చాపండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఎక్కిన రోజే దర్శనం పెట్టుకోకండి. ఆ రాత్రి గదిలో కాలి కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకుని, మర్నాడు సమయం ముందుగా నిర్ణయించిన టికెట్టుతో దర్శనానికి వెళ్లండి. క్యూలో ఆగిన ప్రతిసారీ మడమలు ఎత్తి దించండి. ఆ రెండు రోజులూ రాత్రి పడుకోబోయే ముందు మీ కుడి చీలమండను ఇంట్లోవారి చేత టార్చి వేయించుకుని చూడండి, చిన్న పగులు కనిపించినా నడక ఆపి వైద్యునికి చూపించండి.

ఒక సంగతి మీ సర్జన్‌ను తప్పక అడగండి. లీకయ్యే ఆ సిరకు ఇప్పటిదాకా చికిత్స జరిగిందా? బ్రిటన్‌లో సిరల పుండ్లున్న 450 మందిపై జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, కట్లు కడుతూనే సిరకు కూడా వెంటనే చికిత్స చేసినవారిలో సగం మందికి పుండు 56 రోజుల్లో మానింది, చికిత్సను వాయిదా వేసినవారిలో సగం మందికి మానడానికి 82 రోజులు పట్టింది. మీ పుండు ఎనిమిది నెలలు బాధించిందంటే, మళ్లీ పడకుండా చూసుకోవడానికి ఆ ప్రశ్న అడగడం అవసరం.

ప్రశ్న: నీళ్లలో నడిస్తే నరాలకు మంచిదని విన్నాను. రోజూ మెరీనాలో మోకాలి లోతు నీళ్లలో నడవవచ్చా?

జవాబు: విన్నది నిజమే, చోటే సరైనది కాదు. నీటి లోతు ప్రతి 10 సెంటీమీటర్లకు సుమారు 7 మిల్లీమీటర్ల ఒత్తిడి చర్మం మీద పడుతుంది. ఛాతీ లోతు నీళ్లలో నిలబడితే చీలమండ మీద పడే ఒత్తిడి 80 మిల్లీమీటర్లకు పైనే. పైకి వెళ్లే కొద్దీ అది తగ్గుతూ వస్తుంది. ఏ మేజోడూ అంత చక్కగా కుదరదు. అందుకే కొలనులో నడవడం, ఈదడం ఈ జబ్బుకు ఎంతో హాయి. మోకాలి లోతులో ఆ లాభం సగం కూడా అందదు. పైగా మెరీనా అలల లాగుడు బలమైనది, ఈత వచ్చినవారిని కూడా అక్కడ సముద్రం లాక్కుపోయింది. ఈత కొలనుకే వెళ్లండి. చర్మం మీద పుండుగానీ పగులుగానీ ఉంటే అది మానేదాకా నీళ్లలోకి దిగకండి.

ప్రశ్న: నడిచేటప్పుడు పిక్కలో నొప్పి వస్తుంది. ఏ నొప్పికి భయపడాలి, ఏ నొప్పిని లెక్కచేయకూడదు? (అంబత్తూరు)

జవాబు: కొత్తగా వ్యాయామం మొదలుపెట్టిన రెండు మూడు రోజులు రెండు పిక్కలూ సమానంగా పట్టేసినట్టుంటే అది కండరపు నొప్పి, పోతుంది. ప్రతిసారీ ఇంచుమించు ఒకే దూరం నడిచేసరికి పిక్క పట్టేసి, నిలబడగానే రెండు మూడు నిమిషాల్లో తగ్గిపోతే అది ధమనుల నొప్పి కావచ్చు, వైద్యునికి చూపించాలి. కాలు పగిలిపోతున్నట్టు బిగుసుకుని, నిలబడినా తగ్గక, పడుకుని కాలు ఎత్తిపెడితేనే తగ్గితే లోతు సిరల్లో పాత అడ్డంకి ఏదో ఉందేమోనని అనుమానించాలి.

వెంటనే ఆగవలసిన నొప్పి వేరే ఉంది. ఒక్క కాలే, ఒకటి రెండు రోజుల్లో వాచి, వేడెక్కి, పిక్క నొక్కితే నొప్పి పుడితే లోతు సిరలో రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. ముందు చెప్పిన టేపును ఇప్పుడు తీయండి: మోకాలి కింద ఒకే ఎత్తులో రెండు పిక్కలనూ కొలిస్తే తేడా 3 సెంటీమీటర్లకు మించి ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. తేడా తక్కువగా ఉందని నిశ్చింతగా ఉండిపోవద్దు, అనుమానం ఉంటే అదే రోజు స్కాన్ చేయించుకోవాలి. ఆ కాలికి నూనె రాసి మర్దన చేయకండి. గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళితే ప్రాణాపాయం. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, స్పృహ తప్పినట్టు ఉండటం, దగ్గితే రక్తం పడటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మా వారికి 58 ఏళ్లు. గత నెల వేడినీళ్ల స్నానం చేస్తుండగా చీలమండ పైన ఉబ్బిన నరం నుంచి రక్తం చిమ్మింది. కంగారులో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, తొడ దగ్గర తువ్వాలుతో గట్టిగా బిగించాము. రక్తం ఆగలేదు, ఇంకా ఎక్కువైంది. దగ్గరలోని ఆసుపత్రిలో ఒక కుట్టు వేసి పంపారు. ఇక ఆయన నడవడానికి కూడా భయపడుతున్నారు.

జవాబు: ఆ నిమిషంలో ఎవరికైనా తోచేది అదే, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. కానీ ఎందుకు ఆగలేదో తెలుసుకోవాలి. తొడ దగ్గర బిగించిన తువ్వాలు పైకి వెళ్లవలసిన సిరల రక్తాన్ని ఆపింది, కిందికి వచ్చే ధమనుల రక్తాన్ని ఆపలేకపోయింది. కాలిలోకి రక్తం వస్తూనే ఉంది, పోయే దారి ఆ చిల్లు ఒక్కటే మిగిలింది. కుర్చీలో కూర్చోబెట్టడంతో చీలమండ గుండె కంటే చాలా కిందికి వచ్చి, ఒత్తిడి అలాగే నిలిచిపోయింది.

మళ్లీ ఎప్పుడైనా అలా జరిగితే, ఉన్నచోటే నేల మీద పడుకోబెట్టండి. స్నానాల గది నేల అయినా సరే. కాలిని గుండె కంటే ఎత్తుగా బకెట్టు మీదికో, మీ భుజం మీదికో ఎత్తండి. శుభ్రమైన గుడ్డను మడతపెట్టి రక్తం వస్తున్న చోట వేళ్లతో గట్టిగా అదిమి, మధ్యలో తీసి చూడకుండా కనీసం పది నిమిషాలు పట్టుకోండి. సిరలో ఒత్తిడి తక్కువ కాబట్టి కాలు ఎత్తి అదిమితే దాదాపు ఎప్పుడూ ఆగిపోతుంది. ఆగాక ఆ గుడ్డ మీదే క్రేప్ బ్యాండేజి చుట్టి, కాలు ఎత్తుగా ఉంచి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. ఆగకపోతే అదుముతూనే 108ని పిలవండి. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు కూర్చుండిపోయి స్పృహ తప్పిన సందర్భాల్లో ఈ రక్తస్రావం ప్రాణం కూడా తీసింది, కాబట్టి ఈ పద్ధతిని మీ వారికి ఒకసారి చేసి చూపించి నేర్పండి.

ఒక కుట్టుతో పని పూర్తి కాలేదు. పగిలిన ఆ సిరకు వెనకనున్న లీకు అలాగే ఉంది, మళ్లీ పగలవచ్చు. ఆలస్యం చేయకుండా సిరల సర్జన్‌ను కలిసి స్కాన్ చేయించండి. ఆయన రక్తం పలచబడే మందులేవైనా వాడుతుంటే ఆ సంగతి మొదటే చెప్పండి. కుట్టు తీసి, చర్మం పూర్తిగా మూసుకున్నాక నడక మొదలుపెట్టవచ్చు. పలచబడిన చోట మెత్తటి గాజుగుడ్డ మడత పెట్టి దాని మీద మేజోడు వేస్తే రాపిడి తగలదు. స్నానం గోరువెచ్చటి నీళ్లతోనే, పీట మీద కూర్చుని చేయాలి, ఆ చోట గుడ్డతో రుద్దకూడదు. ఒక మడత గుడ్డ, ఒక క్రేప్ బ్యాండేజి కలిపి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, స్నానాల గది తలుపు లోపలి మేకుకు, కూర్చున్నవారి చేతికి అందే ఎత్తులో ఈరోజే తగిలించండి.